శూన్య వార్షికోత్సవం

నమిలకొండ భూమానందం ఆ రోజు మీటింగులో నోరు మూసుకుని కూర్చుని ఉంటే, రాష్ట్ర జానపద సంగీత స్మరణ సంస్థ ఇంకో యాభై ఏళ్ళు ఎవరికీ అపకారం చేయకుండా నిద్రపోయేది. కానీ డైరెక్టరు గారు "ఈ నెలలో మనం సాధించినదేమిటి?" అని అడిగారు. గదిలో ఫ్యాను తప్ప ఎవరూ చలించలేదు. భూమానందానికి మౌనం గిట్టదు. నలుగురు నోరు మెదపకుండా కూర్చుంటే ఆ పాపం తనదే అనిపించి ఏదో ఒకటి అనేస్తాడు. పెళ్ళిచూపుల్లోనూ అలాగే అనేస్తే పెళ్ళయిపోయింది. ఇప్పుడూ అనేశాడు.

"సార్, జానపద సంగీత చరిత్రల రోజుకో విశేషం ఉంటది గదా. ఏ రోజుది ఆ రోజు వెతికి, గేటు ముందర బోర్డు మీద రాస్తే బాగుంటదేమో."

డైరెక్టరు డాక్టర్ పరాంకుశం విద్యాధర్ గారు కళ్ళు మూసుకున్నారు. ఆయన కళ్ళు మూసుకుంటే ఒక ఆలోచనను పరిశీలిస్తున్నట్టు, తెరిస్తే ఆ ఆలోచన ఆయనదైపోయినట్టు. తెరిచారు.

"స్మరణ లేని జాతికి చరిత్ర లేదు, చరిత్ర లేని జాతికి గ్రాంటు లేదు. ఆ దృక్కోణంలో నేను ఈ విషయమై చాలాకాలంగా యోచన చేస్తున్నాను," అన్నారు.

మొదట్లో అంతా సరదాగానే నడిచింది. ఫలానా జాతరలో తొలిసారి మైకు పెట్టి ఇవాళ్టికి పాతికేళ్ళు అని భూమానందం సుద్దముక్కతో అందంగా రాశాడు. మర్నాడు ఆ మైకు కాలిపోయి పాతికేళ్ళు. దారిన పోయేవాళ్ళు సైకిలు ఆపి చదివేవాళ్ళు. పత్రికవాళ్ళు లోపలి పేజీలో ఓ మూల చిన్న డబ్బా కట్టి అచ్చువేశారు. రేడియోలో పొద్దున పూట చదివారు. పైనుంచి మెచ్చుకోలు వచ్చింది. దాని వెనకాలే ఉత్తర్వు వచ్చింది.

ఇకమీదట సంస్థ వేదిక మీద గానీ, మైకు ముందు గానీ, రికార్డింగు గదిలో గానీ ఏ పాట పాడాలన్నా ఆ రోజు ఆ పాటకు సంబంధించిన ఏదో ఒక వార్షికోత్సవం అయి ఉండవలెను. సందర్భరహిత గానము క్రమశిక్షణారాహిత్యముగా పరిగణింపబడును. ఇదీ ఉత్తర్వు. దీని అమలు కోసం తేదీల నిర్ధారణ విభాగం ఒకటి పుట్టింది. దానికి అధిపతి భూమానందం. విభాగంలో ఆయన తప్ప ఎవరూ లేరు కాబట్టి అధికారం చెలాయించడానికి అద్దం ముందు నిలబడాల్సి వచ్చేది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, జానపద పాటకు పుట్టినరోజు ఉండదు. ఎవరు కట్టారో తెలియదు, ఎప్పుడు కట్టారో అసలే తెలియదు. అయినా భూమానందం సంచీ భుజాన వేసుకుని ఊళ్ళు పట్టి తిరిగాడు. ఒక ఊళ్ళో మంట దగ్గర డప్పు కాచుకుంటున్న ముసలాయన్ని పట్టుకున్నాడు.

"ఈ దరువు ఎప్పుడు పుట్టింది తాతా?"

"ఎప్పుడేంది బిడ్డా? గొడ్డు సచ్చినప్పుడు."

"ఆ గొడ్డు ఎప్పుడు చచ్చింది?"

"కుంట తెగినేడు."

ముసలాయన మళ్ళీ డప్పు పనిలో పడిపోయాడు. భూమానందం మాత్రం బస్సులో తిరిగొస్తూ లెక్క తేల్చేశాడు. కుంట తెగిందంటే వాన, వానంటే జులై, జులై అంటే మధ్యలో పదిహేనో తారీఖు. సంవత్సరం సంగతి డైరెక్టరు గారు చూసుకున్నారు. గుండ్రంగా వందేళ్ళయితే సభకు నిండుదనం ఉంటుందన్నారు.

ఆ పద్ధతి భూమానందానికి తెగ నచ్చింది. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో ఆయన కాళ్ళు నేలమీద ఆనలేదు. చరిత్రను తానొక్కడే చేత్తో మలుస్తున్నట్టు ఛాతీ ముందుకు పెట్టి నడిచేవాడు. జోలపాటలన్నిటినీ కలిపి ఒకే రోజుకు సర్దాడు. ఆ రోజు సంస్థలో పొద్దున్నుంచీ జోలపాటలే. మధ్యాహ్నానికి అకౌంట్సు విభాగం మొత్తం బల్లల మీద తలలు వాల్చేసింది. నాట్ల పాటల శతజయంతి నడివేసవిలో పడింది. పొలంలోనే జరపాలని నియమం. నెర్రెలు విచ్చిన మడిలోకి ట్యాంకరుతో నీళ్ళు తోలించి, నారు దొరక్క గరికపోచలు నాటించారు. నడుం వంచిన ఆడవాళ్ళు పాట ఎత్తుకోబోతే డైరెక్టరు గారి ఉపన్యాసం అడ్డొచ్చింది. ఆయన ముగించేసరికి మడి మళ్ళీ ఎండిపోయింది.

ఇంట్లో భార్య సులోచన ఇదంతా చూస్తూ ఉండేది. ఒకనాడు ఆయన భోజనానికి కూర్చోగానే చప్పటి పప్పు వడ్డించి, "ఉప్పు తెమ్మని చెప్పి ఇయ్యాల్టికి మూడొద్దులు. వార్షికోత్సవం అయ్యేలోపన్న తెస్తరా?" అంది. భూమానందం పప్పు చప్పగానే తిని, ఉప్పు పాటలేమైనా ఉన్నాయేమో కనుక్కోవాలనుకుంటూ ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

ఏడాది తిరిగేసరికి ఉత్సవాలు పిల్లలు పెట్టాయి. శతజయంతి జరిగి ఏడాదైందని దానికో వార్షికోత్సవం. దీపప్రజ్వలనకు ఒకరు, ఆ దీపం గతంలో ఎవరు వెలిగించారో గుర్తుచేయడానికి ఇంకొకరు. పూలదండలకూ ఉపన్యాసాలకూ పొద్దు చాలక, పాట వంతు వచ్చేసరికి సభ ముగించాల్సి వచ్చేది. పాట పేరు గట్టిగా చదివితే పాడినట్టేనని డైరెక్టరు గారు వెసులుబాటు కల్పించారు. గాయకులు డోళ్ళూ, తంబురాలూ పట్టుకుని వచ్చి, తమ పాట పేరు విని, టిఫిను తిని వెళ్ళిపోయేవారు. ఇదేమిటని భూమానందానికి అనిపించకపోలేదు. అనిపించినప్పుడల్లా ఇంకో తేదీ వెతుక్కునేవాడు.

అలాంటి రోజుల్లో లసుమవ్వ వచ్చింది.

అరవై దాటిన మనిషి. మెడకు తువ్వాల చుట్టుకుని, చేతిలో ఆసుపత్రి సంచీతో తేదీల విభాగం గుమ్మం ముందు నిలబడింది. పసుపు పండించే ఊరిదట. గొంతులో గరగర ఉన్నా, మాట్లాడుతుంటే అడుగున ఎక్కడో ఒక తీగ మోగుతూనే ఉంది.

"సారూ, నా గొంతుల గడ్డైంది. వచ్చేవారం కోస్తరట. కోసినంక మాట వస్తదేమో గని పాట మాత్రం రాదన్నరు. నాకాడ ఒక పాటుంది. పసుపు ఉడకపెట్టేటప్పుడు, ఒక కడాయి ఉడికేదాక పాడే పాట. మా అత్త నేర్పింది. నా జోడుదార్లందరు పోయిండ్రు. ఇప్పుడు నాకొక్కదానికే వస్తది. గది మీ టేపుల పట్టుండ్రి, పుణ్యముంటది."

"ఏం పాటవ్వా?"

"ఏడుగురు అక్కచెల్లెండ్లు వానను తేను పోయే పాట. ఒక్కొక్కరు పోతరు. మబ్బు ఒక్కొక్కరికి ఒక్కో తీర్గ జవాబు చెప్తది."

భూమానందం కుర్చీలో ముందుకు జరిగాడు. చదువుకునే రోజుల్లో ఇలాంటి పాటల కోసమే ఎండలో కోసులు నడిచాడు, ఈ ఉద్యోగంలో చేరిందీ అందుకే. "మరి చిన్నామె తెస్తదా వానను?" అని అడగబోయి, తమాయించుకుని, అధిపతి హోదాలో అడగాల్సింది అడిగాడు.

"ఈ పాట ఏ తేదీన పుట్టింది?"

"నాకేమెరుక?"

"మీ అత్త ఎప్పుడు పోయింది?"

"మక్కలు ఇరిసేటప్పుడు."

మక్కలు, అంటే మొక్కజొన్న కంకులు, విరిచే కాలానికి ఇంకా మూడు నెలలుంది. గొంతుకు వారమే ఉంది. అంత సూటిగా, అంత అన్యాయంగా ఉన్న లెక్క ఆయనకు ఎప్పుడూ తగల్లేదు. లసుమవ్వను బెంచీ మీద కూర్చోబెట్టి డైరెక్టరు గారి గదికి పరుగెత్తాడు.

డైరెక్టరు గారు సానుభూతితో విన్నారు. "దురదృష్టకరం. అయితే నిరాశ చెందనక్కరలేదు. వర్ధంతుల కోటాలో మనకు ఖాళీలున్నాయి. ఆ గాయని దివంగతురాలైన పక్షంలో, ప్రథమ వర్ధంతి నాడు ఆమెకు ప్రాధాన్యతా క్రమంలో అవకాశం కల్పించవచ్చు."

"అప్పుడు ఆమె ఎట్ల పాడుతది సార్?"

"అది అప్పటి పరిస్థితులను బట్టి నిర్ణయిద్దాం."

భూమానందం తిరిగి గుమ్మం దాకా వచ్చాడు. బెంచీ మీద లసుమవ్వ పెదవులు కదులుతున్నాయి, చేతివేళ్ళు సంచీ మీద తాళం వేస్తున్నాయి. పాట మరిచిపోలేదు కదా అని సరిచూసుకుంటోంది. ఆ వేళ్ళను చూసి ఆయన మళ్ళీ లోపలికి వెళ్ళాడు. అక్కడే ఆయన బుర్రలో మెరుపు మెరిసింది. అది మెరవకుండా ఉన్నా బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు.

"సార్, ఈ పాట ఇయ్యాల మన దగ్గర పాడితే, వచ్చే ఏడు ఇదే రోజు మొదటి వార్షికోత్సవం అయితది గదా. అంటే ఇయ్యాల సున్నా వార్షికోత్సవం. అదీ వార్షికోత్సవాల వరసల ఉన్నదే గదా సార్?"

డైరెక్టరు గారు కళ్ళు మూసుకున్నారు. తెరిచారు.

"శూన్య వార్షికోత్సవం! మన ప్రాచీనులు శూన్యాన్ని ప్రపంచానికిచ్చారు. మనం దాన్ని సంస్కృతీ రంగానికి వర్తింపజేస్తున్నాం. అనుమతిస్తున్నాను."

"టేపు తియ్యమంటారా?"

"ఎంతమాత్రం వద్దు. ధ్వనిముద్రణ అనేది స్మరణ. ఇంకా జరగనిదాన్ని స్మరించుట ఎట్లు? ముందు జరగనివ్వండి. వచ్చే సంవత్సరం ప్రథమ వార్షికోత్సవాన సకల లాంఛనాలతో ముద్రిద్దాం."

"అప్పటికి ఆమెకు గొంతు ఉండదు సార్."

"గొంతు వైద్యశాఖ పరిధిలోని అంశం. మనకు కావలసింది ఘటన, దానికొక సాక్షి. సాక్షిగా మీరుండండి. వివరాలు సమగ్రంగా నమోదు చేయండి. రేపు ఎవరైనా ఇది జరగనేలేదని అంటే సంస్థ పరువు పోతుంది."

భూమానందం సాక్షి అయ్యాడు. గర్వపడ్డాడు కూడా. ఒక ముసలమ్మ పాటను నిబంధనల కోరల్లోంచి లాగేశానని తన భుజం తనే తట్టుకున్నాడు. టేపు లేకపోతేనేం, నా చెవులున్నాయి కదా అనుకున్నాడు.

రికార్డింగు గదిలో టేపు యంత్రం మీద దుప్పటి కప్పి ఉంది. లసుమవ్వ నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది, కొంగు సవరించుకుంది, ఆయన ముఖంలోకి చూసి ఎత్తుకుంది.

"పెద్దక్క పోయింది వాననడుగంగ
గద్దె మీది మబ్బు గదలలేదంట..."

గడ్డ ఉన్న గొంతేనా అది! గదిలోకి పసుపు ఉడుకుతున్న ఆవిరి వచ్చినట్టయింది. భూమానందానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరిగిన నీళ్ళు తుడుచుకుని, నమోదు కాగితంలో పాట తొలి పంక్తులు అన్న చోట ఆ రెండు పంక్తులూ రాసుకున్నాడు. తర్వాత గడియారం చూసి సమయం రాశాడు. గాయని ఏ దిక్కుకు కూర్చున్నదీ రాయాలి. తూర్పు ఎటో అర్థం కాక లేచి కిటికీలోంచి సూర్యుణ్ణి వెతికాడు. మబ్బులుంటే మబ్బులని రాసి, దిక్కు తూర్పే అయి ఉంటుందని వేశాడు. చీర రంగు, గాజుల రంగు, గది కొలతలు రాశాడు. కిటికీ రెక్కకు గొళ్ళెం లేదని కనిపిస్తే అదీ రాశాడు. శ్రోతల సంఖ్య దగ్గర తనను లెక్కపెట్టుకోవాలా వద్దా అని చాలాసేపు మథనపడి, సాక్షి వేరు శ్రోత వేరు కాబట్టి శూన్యం అని రాశాడు.

తలెత్తేసరికి గది నిశ్శబ్దంగా ఉంది. లసుమవ్వ ఆయన్నే చూస్తోంది.

"అయిపోయిందా అవ్వా?"

"అయినట్టే సారూ."

"మస్తుగ పాడినవ్. వచ్చే ఏడు ఇదే రోజు తప్పకుండ రావాలె."

లసుమవ్వ సంచీ తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగి, దుప్పటి కప్పిన యంత్రాన్ని చూసి వెళ్ళిపోయింది.

ఏడాది తర్వాత అదే తేదీన సభామందిరం మామిడి తోరణాలతో కళకళలాడింది. శూన్య వార్షికోత్సవ ప్రథమ వార్షికోత్సవం అని గోడకు గోడంత గుడ్డ కట్టారు. రాజధాని నుంచి కూడా అతిథులు వచ్చారు. టేపు యంత్రం మీద దుప్పటి తీసి, దానికి బొట్టు పెట్టి, చేమంతి దండ వేశారు. లసుమవ్వను మొదటి వరసలో కూర్చోబెట్టి, రవికెకు ఒక బిళ్ళ గుచ్చారు. దానిమీద "సజీవ ఆధారం" అని ఉంది. కోత గుర్తు కనబడకుండా మెడకు తెల్లటి పట్టీ. మాట గుసగుసగానే వస్తోంది.

డైరెక్టరు గారు గొంతు సవరించుకుని ప్రసంగించి, చివరకు ఇలా అన్నారు. "గాయనీమణి అనారోగ్య కారణాల వల్ల గానం చేయజాలరు. అయినను సంస్థ ముందుచూపుతో ఒక ప్రత్యక్ష సాక్షిని నియమించి ఉన్నది. ఆ మహత్తర ఘట్టమును వీక్షించిన ఏకైక అధికారి శ్రీ భూమానందం ఇప్పుడు ఆ గీతమును సభకు వినిపిస్తారు."

ఇది ఆయనకు ముందుగా ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే జ్వరం తెచ్చుకునేవాడు. మైకు ముందుకు వెళ్ళి, కాగితాలు విప్పి, ధైర్యంగానే మొదలుపెట్టాడు. "ఆ రోజు ఆకాశం మేఘావృతం. గాయని తూర్పు ముఖంగా ఆసీనురాలై ఉన్నది. గాజులు ఆకుపచ్చ. కిటికీ రెండో రెక్కకు గొళ్ళెం లేదు." సభ చప్పట్లు కొట్టింది. అతిథుల్లో ఒకాయన ఇంత సూక్ష్మ పరిశీలన తానెక్కడా చూడలేదన్నాడు.

"పాట, పాట," అన్నారు డైరెక్టరు గారు నవ్వుముఖంతో.

భూమానందం పెద్దక్కను పంపించాడు. గద్దె మీది మబ్బు కదల్లేదన్నాడు. ఆ తర్వాత రెండో అక్క ఎటు పోయిందో తెలియలేదు. కాగితం తిరగేశాడు. గది పొడవు, వెడల్పు ఉన్నాయి. మొదటి వరసలో లసుమవ్వ చూపు ఆయన మీదే ఉంది. ఇంతకన్నా భూమి చీలిపోతే నయమనిపించింది.

"నాకు రాదు సార్," అన్నాడు. మైకు ఆ మాటను మందిరమంతా మోసుకెళ్ళింది. "నేను ఆ గదిలనే ఉన్న. పాట మాత్రం ఇనలే. రాసుకుంట కూసున్న."

మందిరం గతుక్కుమంది. డైరెక్టరు గారు మాత్రం తొణకలేదు. "వినుట అనేది సాక్షికి ఐచ్ఛికం. హాజరు ముఖ్యం. హాజరులో లోపమేమీ లేదు."

అప్పుడు లసుమవ్వ లేచింది. ఎవరో మైకు ఆమె పెదవుల దగ్గర పెట్టారు. ఆమె గుసగుస ఎండుటాకుల చప్పుడులా వినిపించింది.

"సారును ఏమనకుండ్రి. పాట నేనే మొత్తం పాడలే. నాలుగో అక్క కాడ ఆపిన. సారు అటు జూసె, ఇటు జూసె, కిటికీల జూసె, నా దిక్కు జూడకపాయె. ఎవ్వలికి పాడాలె? గోడకు పాడబుద్ధి గాలే."

"మరి మిగతా ముగ్గురు?" అని భూమానందం మైకులోనే అడిగాడు.

"ఉన్నరు," అని లసుమవ్వ గుండె మీద చేయి పెట్టుకుంది. "గొంతే లేదు."

డైరెక్టరు గారు కళ్ళు మూసుకున్నారు. ఈసారి చాలాసేపు మూసుకున్నారు. తెరిచేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది.

"మిత్రులారా! గత సంవత్సరం ఇదే రోజున, ఇదే ప్రాంగణంలో, ఒక జానపద గీతం అసంపూర్ణంగా నిలిచిపోయినట్లు ఇప్పుడే రుజువైంది. అనగా నేడు ఆ అసంపూర్ణతకు కూడా ప్రథమ వార్షికోత్సవం! ఒకే పందిరి కింద రెండు ఉత్సవాలు! ఈ అపూర్వ విషయమును వెలుగులోకి తెచ్చిన శ్రీ భూమానందం గారిని శాలువాతో సత్కరిస్తాం."

చప్పట్లు మారుమోగాయి. శాలువా తేవడానికి ఎవరో పరుగెత్తారు. భూమానందానికి ఆ చప్పట్లు చెంపల మీద పడుతున్నట్టే ఉంది. కాగితాలు మైకు దగ్గరే వదిలేసి, మెట్లు దిగి, లసుమవ్వ చేయి పట్టుకుని పక్క తలుపులోంచి బయటికి నడిపించాడు. వంట సామాన్లు దించుతున్న పెరటి మెట్ల మీద ఇద్దరూ కూర్చున్నారు.

"తప్పయిందవ్వా," అన్నాడు.

"గిప్పుడేం జేస్తవ్ తియ్యి."

"మాటలన్న చెప్పు. నేను పాడుత."

"నీకు పాటొస్తదా?"

"రాదు. గొంతు గూడ మంచిగుండది."

"నా గొంతుకంటె నయమే," అని లసుమవ్వ చప్పుడు లేకుండా నవ్వింది.

ఆమె ఒక్కో మాటా గుసగుసగా చెబుతూ, రాగం పైకి పోయేచోట చేయి పైకెత్తింది, కిందికి దిగేచోట కిందికి దించింది. భూమానందం ఆ చేయి వెంట తన గొంతును లాక్కెళ్ళాడు. అది చెప్పినట్టు విననే లేదు. పైకి పొమ్మంటే కీచుమంది, కిందికి రమ్మంటే జారిపడింది. గిన్నెలు దించుతున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన ఆగలేదు. రెండో అక్క వేడుకుంది, మబ్బు అలిగింది. మూడో అక్క తిట్టింది, మబ్బు గుట్ట వెనక దాక్కుంది. నాలుగో అక్క బోనం పెట్టింది, మబ్బు తిని పడుకుంది. ఐదో అక్క, ఆరో అక్క కూడా ఉత్తచేతుల్తోనే తిరిగొచ్చారు.

"చిన్నామె?" అన్నాడు భూమానందం.

లసుమవ్వ ఆయన చెవి దగ్గరకు వంగింది.

"చిన్నది పోయింది, అడగనే లేదంట
మబ్బు కాళ్ళకాడ కునుకు దీసిందంట
పొద్దుగూకే యాళ్ళ పోరి లేస్తలేదని
లేపుదామని మబ్బు కురిసిందంట."

భూమానందం ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. లోపల మైకులో ఆయన పేరు పిలుస్తున్నారు. శాలువా సిద్ధంగా ఉందనీ, సన్మానగ్రహీత ఎక్కడున్నా వేదిక మీదికి రావలసిందనీ డైరెక్టరు గారి గొంతు గంభీరంగా చెబుతోంది.

భూమానందం గొంతు సవరించుకుని, చిన్నదాన్ని మబ్బు దగ్గరికి పంపాడు. కునుకు తీసేచోట రాగం దించాల్సింది పోయి ఎత్తేశాడు.

"ఊహూఁ," అని లసుమవ్వ ఆయన మోకాలి మీద ఒక్కటి చరిచి, మొదట్నుంచీ అన్నట్టు చేయి తిప్పింది.

ఆయన మళ్ళీ పెద్దక్క దగ్గర ఎత్తుకున్నాడు.